పాత మాత్రల లెక్క ఎవరు తేల్చాలి?

మొన్న డల్లాస్ నుంచి తమ్ముడు ఫోన్ చేసి అమ్మ మందుల గురించి నాతో గట్టిగా వాదించాడు. అమ్మకి కీళ్లవాతం, డాక్టర్ల భాషలో రుమటాయిడ్ ఆర్థరైటిస్. వాడి ఆఫీసులో ఒకావిడకీ అదే జబ్బు. ఆవిడ రెండు వారాలకోసారి ఇంజెక్షన్ వేసుకుంటుందట, సెలవు రోజుల్లో టెన్నిస్ కూడా ఆడుతుందట. తెనాలిలో అమ్మ మాత్రం మిథోట్రెక్సేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్ అనే మూడు రకాల మాత్రలతోనే నడుస్తోంది. "డబ్బులు నేను పంపుతానంటున్నా కదక్కా. ఎప్పటివో ఆ బిళ్లలు ఇంకా ఎందుకు మింగిస్తున్నారు అమ్మతో?" అన్నాడు. వాడి బాధ నాకు తెలుసు. దూరాన ఉన్న కొడుక్కి తను చేయగలిగింది ఖరీదైన మందు కొనిపెట్టడమే అనిపిస్తుంది.

నేను వాడికి ఒక ట్రయల్ గురించి చెప్పాను. అమ్మని చూసే డాక్టరుగారు చెబితే వెతికి చదివాను దాన్ని. 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. మిథోట్రెక్సేట్ ఒక్కదానితో జబ్బు లొంగని 353 మందిని తీసుకున్నారు. కొందరికి అమ్మ వేసుకునే మూడు మాత్రలే ఇచ్చారు. మిగిలినవాళ్లకి మిథోట్రెక్సేట్‌తో పాటు ఎటనర్‌సెప్ట్ అనే ఖరీదైన ఇంజెక్షన్ ఇచ్చారు. ఎవరికి ఏది వెళ్తోందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. 24 వారాలకి గుణం కనిపించనివాళ్లని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు మార్చారు. అలా మార్చాల్సి వచ్చినవాళ్లు రెండు వైపులా 27 శాతం చొప్పునే ఉన్నారు. 48 వారాలు గడిచాక చూస్తే, ముందు మాత్రలతో మొదలుపెట్టిన దారి ఇంజెక్షన్ దారికి ఏమీ తీసిపోలేదు.

తమ్ముడు మెత్తబడ్డాడు. "ముందు మాత్రలు, లొంగకపోతే ఇంజెక్షన్, అంతేగా" అని ఫోన్ పెట్టేశాడు. నాకు మాత్రం మరో సంగతి బుర్రలో ఉండిపోయింది. ఈ ప్రశ్న అడగడానికి డబ్బు ఎవరు పెట్టారు? ఇంజెక్షన్ అమ్మే కంపెనీకి, తన మందు లేకుండా కూడా పని జరుగుతుందని తేల్చుకోవాల్సిన అవసరం లేదు. మాత్రలు చేసేవాళ్లకి పేటెంటూ లేదు, అంత లాభమూ లేదు. ఆ ట్రయల్‌ని నడిపించింది ప్రధానంగా అమెరికా ప్రభుత్వంలో మాజీ సైనికుల ఆసుపత్రులు చూసే శాఖ. ఆ ఆసుపత్రుల్లో మందుల బిల్లు ప్రభుత్వమే కడుతుంది కాబట్టి, చవక మందు చాలా లేదా అన్నది దానికి నిజంగా కావలసిన జవాబు.

నేను ఈ పోస్టులో చెప్పదలుచుకున్నది ఇదే. కీళ్ల జబ్బుల పరిశోధన మీద మన ప్రభుత్వం డబ్బు పెట్టాలి. ఆ డబ్బు ముందుగా కొత్త మందు కనిపెట్టడానికి కాకుండా, కంపెనీలు ఎన్నటికీ అడగని ప్రశ్నల మీద పెట్టాలి.

భీమవరం నుంచి వచ్చిన మందు

అమ్మ వేసుకునే మిథోట్రెక్సేట్ వెనక మనవాళ్లున్నారని చాలామందికి తెలిసే ఉంటుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనకి నాయకత్వం వహించారు. ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ పనిని అడ్డుకునే మందులు అక్కడ ఆయన బృందం చేతుల్లోంచే వచ్చాయి. అమెరికా డాక్టరు సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త కేన్సర్‌కి వాడి చూసిన అమినాప్టెరిన్ వాటిలో ఒకటి, మిథోట్రెక్సేట్ మరొకటి. సుబ్బారావు గారు 1948లో చనిపోయారు. 1951లోనే అమినాప్టెరిన్ కీళ్లవాతానికి పనిచేస్తున్నట్టు వైద్య పత్రికలో వచ్చింది.

అయితే అప్పటికే కార్టిజోన్ అనే స్టెరాయిడ్ వచ్చేసింది. మంచం మీదున్నవాళ్లని నడిపించిందని లోకమంతా దానివైపే చూసింది. 1950లో దానికి నోబెల్ కూడా ఇచ్చారు. ఏళ్ల తరబడి వాడితే అది ఎముకలనీ చర్మాన్నీ ఏం చేస్తుందో తెలిసింది తర్వాతే. ఈలోపు మిథోట్రెక్సేట్ కీళ్లవాతం విషయంలో ఒక పక్కనే ఉండిపోయింది. అది నిజంగా పనిచేస్తుందని గట్టి ట్రయల్స్‌లో తేలేసరికి 1980ల మధ్యకాలం వచ్చింది. అమెరికాలో కీళ్లవాతానికి అనుమతి 1988లో దొరికింది. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడైనా ఈ జబ్బుకి డాక్టరు మొదట రాసేది దీన్నే. చేతిలో ఉన్న మందు మూడున్నర దశాబ్దాలు ఆగింది. ఆ కాలంలో వేళ్లు వంకర్లు పోయి, గిన్నె కూడా పట్టుకోలేని స్థితికి వచ్చినవాళ్లు ఎందరో!

సుబ్బారావు గారు పనిచేసింది ప్రైవేటు కంపెనీలోనే కదా అని మీరు అడగొచ్చు. నిజమే. కంపెనీలు చేసిన మేలు నేను కాదనను. తమ్ముడు చెప్పిన ఇంజెక్షన్ల కథ చూసినా, అందులో అందరి చేతులూ ఉన్నాయి. టీఎన్ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకుంటే కీళ్ల వాపు తగ్గుతుందని లండన్‌లో చూపించినవాళ్లలో ఒకరు లూధియానాలో పుట్టిన రవీందర్ మైనీ. ఆయన పనిచేసిన కెన్నెడీ ఇన్‌స్టిట్యూట్‌ని చాలావరకు పోషించింది జనం చందాలతో నడిచే ఆర్థరైటిస్ స్వచ్ఛంద సంస్థ. టీఎన్ఎఫ్‌ని అడ్డుకునే ఇంజెక్షన్లలో ఒకటైన అడాలిముమాబ్ (హ్యుమిరా పేరుతో అమ్మేది) తయారీకి దారి వేసిన పద్ధతి మీద గ్రెగ్ వింటర్ పనిచేసింది కేంబ్రిడ్జిలో, బ్రిటన్ ప్రభుత్వ డబ్బుతో నడిచే వైద్య పరిశోధన మండలి, అంటే ఎంఆర్‌సీ ల్యాబులో. 2018లో ఆయనకి నోబెల్ వచ్చింది. మందు మార్కెట్‌కి వచ్చాక మాత్రం సంపాదన కంపెనీది. 2022 ఒక్క ఏడాదిలోనే హ్యుమిరా అమ్మకాలు 2,100 కోట్ల డాలర్లు దాటాయి. జనం డబ్బు పునాదిలో ఉంది, ధర నిర్ణయించే చోట లేదు. ధర దగ్గర కూడా జనం మాట చెల్లాలన్నదే మన ప్రభుత్వం రేపు పరిశోధనకి నిధులిచ్చేటప్పుడు మొదట రాసుకోవాల్సిన షరతు.

"గుజ్జు" కోసం కొనే పొడి

కీళ్లవాతం కొద్దిమందికే వస్తుంది. మోకాళ్ల అరుగుదల అలా కాదు, ప్రతి ఇంట్లోనూ ఉంది. 1990లో దేశంలో దాదాపు 2.3 కోట్ల మందికి ఉన్న కీళ్ల అరుగుదల (ఆస్టియో ఆర్థరైటిస్) 2019 నాటికి 6.2 కోట్ల మందికి పెరిగిందని అంచనా. మా వీధి చివర మెడికల్ షాపులో ఐదు నిమిషాలు నిలబడితే చాలు. నీళ్లలో కలుపుకుని తాగే గ్లూకోసమైన్ సాచెట్లు నెలకి సరిపడా కొనుక్కుపోయేవాళ్లు ఎవరో ఒకరు కనిపిస్తారు. రిటైరైన మేష్టారు ఒకరు ఉన్నారు మాకు తెలిసినవాళ్లు. పెన్షన్ రాగానే ముందు అవి కొంటారు. "గుజ్జు మళ్లీ పడుతుందమ్మా, కాస్త టైం పడుతుంది" అంటారు. నెలకి వెయ్యికి పైనే అవుతుంది ఆయనకి.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల డబ్బుతో 2006లో ఒక పెద్ద ట్రయల్ ఫలితం వచ్చింది. 1,583 మంది మోకాళ్ల నొప్పులవాళ్లు. గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్, రెండూ కలిపి, ఒక నొప్పి మాత్ర, మందేమీ లేని ఉత్త బిళ్ల: ఇలా ఐదు గుంపులు చేసి ఆర్నెల్లు చూశారు. మొత్తం మీద గ్లూకోసమైన్ ఉత్త బిళ్ల కంటే చెప్పుకోదగ్గంత మేలు చేయలేదు. నొప్పి బాగా ఎక్కువున్న చిన్న గుంపులో రెండూ కలిపితే కొంత గుణం కనిపించింది గానీ, దాన్ని రూఢి చేసుకోవాలని పరిశోధకులే అన్నారు. నన్ను పట్టుకున్న అంకె వేరే ఉంది. ఉత్త బిళ్ల వేసుకున్నవాళ్లలో కూడా 60 శాతం మందికి నొప్పి తగ్గింది. మేష్టారు అబద్ధం చెప్పడం లేదు, ఆయనకి నిజంగానే హాయిగా ఉంది. అందుకే ఇలాంటి ప్రశ్న ఒక మనిషి అనుభవంతో తేలదు. వందలమందిని తీసుకుని, పక్కన ఉత్త బిళ్ల పెట్టి చూడాల్సిందే. సాచెట్లు అమ్మేవాళ్లు ఆ పని చేస్తారని ఎదురుచూడటం అత్యాశ.

ఇంకో ట్రయల్ ఇంకా తెగువైనది. మోకాలికి చిన్న రంధ్రాలు చేసి, లోపల కడిగి, గరుకుగా ఉన్నచోట నున్నగా చేసే ఆపరేషన్ ఒకటి అప్పట్లో విరివిగా చేసేవారు. హ్యూస్టన్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో 180 మందిని తీసుకుని, కొందరికి చర్మం మీద గాట్లు మాత్రం పెట్టి, లోపల ఏమీ చేయకుండా కుట్టేశారు. ముందే చెప్పి, ఒప్పుకున్నవాళ్లకే చేశారు. 2002లో ఫలితం వచ్చింది. రెండేళ్లపాటు చూసినా నిజం ఆపరేషన్‌వాళ్లకి నొప్పి ఇతరుల కంటే తగ్గలేదు. ఒకే సర్జన్, ఒకే ఆసుపత్రి, దాదాపు అంతా మగవాళ్లే అని అభ్యంతరాలు వచ్చాయి, అవి సబబైనవే. 2008లో కెనడాలో అక్కడి ప్రభుత్వ పరిశోధన నిధులతో మళ్లీ పరీక్షించారు. ఫిజియోథెరపీకి, మందులకి ఈ ఆపరేషన్ జోడించినా అదనపు లాభం లేదనే తేలింది.

మన దగ్గర ప్రభుత్వం మోకాళ్ల విషయంలో పూర్తిగా చేతులు కట్టుకు కూర్చుందనను. 2017 ఆగస్టులో మోకాలి మార్పిడి ఆపరేషన్లో అమర్చే ఇంప్లాంట్ ధరలకి పరిమితి పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి జీఎస్టీ కాక 54,720 రూపాయలని నిర్ణయించింది. ఎన్నో కుటుంబాలకి అది పెద్ద ఊరట. కానీ ధర తగ్గించాక అడగాల్సిన ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఆపరేషన్ టేబుల్ ఎక్కుతున్న మన ఆడవాళ్లలో ఎంతమందికి తొడ కండరాల వ్యాయామం ఆర్నెల్లు సక్రమంగా నేర్పితే ఆ అవసరం వాయిదా పడేది? జీవితమంతా నేలమీద కూర్చుని లేచినవాళ్ల మోకాళ్లకి, నాట్లు వేసి నడుము వంచినవాళ్ల మోకాళ్లకి ఏ వ్యాయామం సరిపోతుంది? ఇంప్లాంట్ కంపెనీ ఇది అడగదు. కార్పొరేట్ ఆసుపత్రీ అడగదు. నేనైతే వాళ్లని తప్పుపట్టను, వాళ్ల పని అది కాదు.

అక్కడ తేలింది మనకి చాలదా?

నా వాదనకి వచ్చే గట్టి అభ్యంతరం ఇది. అమెరికావాళ్లు, బ్రిటన్‌వాళ్లు డబ్బు పెట్టి తేలుస్తున్నారు, ఫలితాలు అందరూ చదువుకోవచ్చు. అమ్మ విషయంలో నేను చేసిందీ అదే కదా. మళ్లీ మనం ఎందుకు ఖర్చుపెట్టాలి?

కొంతవరకు ఇది నిజం. మోకాలి గుజ్జు హ్యూస్టన్‌లోనైనా తెనాలిలోనైనా గుజ్జే. కానీ మన ఒళ్లు, మన ఊళ్లు వేరైన చోట్లు చాలా ఉన్నాయి. టీఎన్ఎఫ్‌ని అడ్డుకునే ఇంజెక్షన్లతో ఒంట్లో నిద్రాణంగా ఉన్న క్షయ మేల్కొంటుందని 2001లో తొలిసారి పెద్ద ఎత్తున బయటపడింది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే అలాంటి ఇంజెక్షన్ తీసుకున్నాక టీబీ వచ్చిన 70 కేసుల్ని అప్పుడు చూపించారు. క్షయ అరుదైన దేశంలో అది ఒక జాగ్రత్త మాత్రమే. క్షయ ఇంటింటికీ తెలిసిన దేశంలో అసలు మందు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయమే దానిమీద ఆధారపడుతుంది. 2007లో హైదరాబాద్‌కి చెందిన డాక్టర్ రెడ్డీస్ కంపెనీ, కీళ్లవాతానికి కూడా వాడే ఇంజెక్షన్ రిటుక్సిమాబ్‌ని తక్కువ ధరకి తెచ్చింది, 2014లో జైడస్ అడాలిముమాబ్‌ని తెచ్చింది. ధర దిగింది. అయినా మధ్యతరగతికి భారమే. ఎంత తక్కువ మోతాదుతో సరిపెట్టవచ్చో తెలిస్తే ఇంకెందరికో అందుతుంది. తక్కువ అమ్మడం ఎలాగో పరీక్షించమని అమ్మేవాళ్లని అడగలేం.

ఇక చికున్‌గున్యా. 2005 చివర్లో మన దగ్గర మొదలై 2006లో దేశమంతా పాకింది. ఆ ఒక్క ఏడాదే ప్రభుత్వ లెక్కలో దాదాపు 13.9 లక్షల అనుమానిత కేసులు. జ్వరం వారంలో పోయింది, నొప్పులు ఉండిపోయాయి. మా పెద్దమ్మ వాళ్ల ఊళ్లో పొద్దున్నే అరుగుల దగ్గర అంతా గోడ పట్టుకుని లేవడం నాకు బాగా గుర్తు. పెద్దమ్మ ఏడాది దాటినా తడిబట్ట పిండలేకపోయింది. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు సూది వేస్తే రెండు రోజులు బాగుండేది, మళ్లీ మామూలే. ఆ సూదిలో స్టెరాయిడ్ ఉందని ముఖం ఉబ్బాక గానీ మాకు తెలియలేదు. ఆయన్ని తిట్టుకోవడం తేలికే. పెద్ద డాక్టర్ల దగ్గర కూడా అప్పట్లో ఖాయంగా చెప్పగల వైద్యం ఏముంది? ఆ తర్వాత పుణెలో, కాలికట్‌లో కొందరు కీళ్ల డాక్టర్లు పట్టుదలగా చిన్న చిన్న ట్రయల్స్ చేశారు. కాలికట్ ట్రయల్‌లో రోగులు 72 మంది. వాళ్ల శ్రమ మీద నాకు గౌరవం ఉంది. లక్షలమందిని పట్టిన జబ్బుకి వందలోపు మందితో చేసిన ట్రయలే మనకి ఆధారం కావడం మాత్రం మనసుకి పట్టడం లేదు. ఈ ప్రశ్న వేసి తేల్చమని మిన్నెసోటానో మాంచెస్టరునో ఎలా అడుగుతాం? అక్కడ ఆ దోమకాటుతో మంచం పట్టినవాళ్లు ఎందరుంటారు?

మనవాళ్లు చిన్న డబ్బుతో అడిగిన మంచి ప్రశ్న ఒకటి చెబుతాను. మిథోట్రెక్సేట్ వేసుకునేవాళ్లకి నోటిపూత, వికారం రాకుండా ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. ఎంత ఇవ్వాలి? చండీగఢ్‌లోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి పీజీఐలో వంద మంది మీద పరీక్షించారు, వారానికి 10 మిల్లీగ్రాములా, 30 మిల్లీగ్రాములా అని. ఎక్కువ ఇస్తే అదనంగా లాభం లేదని తేలింది. పెద్ద వార్త కాదు, ఏ టీవీలోనూ రాదు. కానీ ఆ మాత్రలు మింగేవాళ్లకి అది రోజూ పనికొచ్చే జవాబు.

ఇలాంటివే ఇంకా ఎన్నో. మిథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అమ్మ దాన్ని "శనివారం మాత్ర" అంటుంది. మొదట్లో ఒకసారి, "శనివారం నాకు ఒక్కపొద్దు కదమ్మా, ఖాళీ కడుపున వేసుకోవచ్చో లేదో అడుగు" అంది. డాక్టరుగారు రోజు మార్చుకోమన్నారు, అమ్మ ఆదివారానికి మార్చుకుంది. పేరు మాత్రం శనివారం మాత్రగానే ఉండిపోయింది. చదువురానివాళ్లు ఈ మాత్రని తికమక పడకుండా వేసుకోవాలంటే అట్ట మీద ఏం ముద్రించాలి, ఏ రంగు వేయాలి, ఆశా కార్యకర్త ఏం చెప్పాలి? ఇదీ పరిశోధనే. ల్యాబు అక్కర్లేని పరిశోధన.

ఎముకల విషయంలో మనం ఇతరుల జవాబు కోసం కూర్చోలేమని నల్లగొండ, ప్రకాశం జిల్లాలవాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. వంగిపోయిన నడుములకి, బిగుసుకుపోయిన కీళ్లకి కారణం నీళ్లలోని ఫ్లోరైడ్ అని 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్ని చూసి రాసినవాళ్లు మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రభుత్వ కొలువులో ఉన్న పరిశోధకులే.

డబ్బు ఉందా, ఎటు పోతోంది?

2025-26 బడ్జెట్‌లో కేంద్ర ఆరోగ్య శాఖకి దాదాపు లక్ష కోట్లు కేటాయించారు. అందులో ఆరోగ్య పరిశోధన విభాగానికి దక్కింది దాదాపు 3,900 కోట్లు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నడిచేది అందులోంచే, అన్ని జబ్బులకీ కలిపి. ప్రభుత్వానివే అయిన బయోటెక్నాలజీ విభాగం, శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) కూడా వేరుగా కొంత ఖర్చుపెడతాయి, వాటిని మరిచిపోకూడదు. అమెరికాలో కీళ్లు, కండరాలు, చర్మ వ్యాధుల కోసం 1986లో పెట్టిన జాతీయ సంస్థ ఒకటుంది. దాని ఒక్కదాని వార్షిక బడ్జెటే ఇటీవలి ఏళ్లలో 68 కోట్ల డాలర్లు దాటింది, మన లెక్కలో ఐదు వేల కోట్లకి పైనే. వాళ్లతో పోటీపడమని నేను అనడం లేదు. అన్ని రకాల పరిశోధనలకీ కలిపి దేశం పెట్టేది జీడీపీలో 0.64 శాతం అయినప్పుడు కీళ్లకి ఎంత మిగులుతుందో ఊహించుకోవచ్చు.

ఇటీవల పెద్ద అంకెలు వినిపిస్తున్నాయి. 2023లో చట్టం చేసి పెట్టిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థకి ఐదేళ్లలో 50,000 కోట్లు అన్నారు. అందులో ఎక్కువ భాగం, దాదాపు 36,000 కోట్లు, పరిశ్రమలు, దాతల నుంచి రావాలి. 2025 జులైలో లక్ష కోట్ల పరిశోధన, ఆవిష్కరణల పథకానికి కేబినెట్ ఒప్పుకుంది. అది ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీకి, లేదా వడ్డీ లేకుండా, దీర్ఘకాలిక అప్పులిచ్చే పథకం. దేశానికి అది అవసరమే కావచ్చు. కానీ అప్పు తీర్చాలంటే అమ్ముకునే వస్తువు ఉండాలి. "ఈ సాచెట్ పనిచేయదు" అన్న జవాబుని ఎవరికి అమ్మి అప్పు తీరుస్తారు? మూడు పాత మాత్రలు చాలని తేలితే ఎవరి ఖాతాలో లాభం పడుతుంది? లాభం రోగి జేబులో మిగులుతుంది, ప్రభుత్వ ఆసుపత్రి బిల్లులో మిగులుతుంది. అందుకే దాని ఖర్చు కూడా గ్రాంటుగా, తిరిగి అడగని డబ్బుగా రావాలి.

ప్రాణాలు తీసే జబ్బులు ఉండగా

ఈ మాట నాతో అన్నది మా తోడికోడలు. ఆవిడ ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు, టీబీ వార్డులో ఏళ్లు చేసింది. "కీళ్లనొప్పులతో ఎవరూ చచ్చిపోరు వదినా. ఉన్న కాస్త డబ్బూ పిల్లలకీ టీబీకీ పెట్టనివ్వండి" అంది. ఆవిడ కళ్లతో చూసింది నేను చూడలేదు. ఈ మాటని పక్కకి నెట్టేయలేను.

అయినా రెండు సంగతులు అంటాను. ఒకటి, కీళ్ల జబ్బు చంపకపోవచ్చు గానీ పనిని చంపుతుంది. కూలికి వెళ్లే ఆడమనిషి పిడికిలి బిగించలేకపోతే కొడవలి పట్టలేదు. వేళ్లు వాచిన టైలరు సూదిలో దారం ఎక్కించలేడు. చావుల లెక్క మాత్రమే చూసే పట్టికలో వీళ్లు ఎక్కడా కనిపించరు. అసాంక్రామిక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో కేన్సర్, షుగర్, గుండె జబ్బు, పక్షవాతం ఉన్నాయి. తర్వాత కిడ్నీ, ఊపిరితిత్తులు, కాలేయం చేరాయి. కీళ్ల జబ్బుకి ఇంకా పీట వేయలేదు.

రెండోది ఆవిడ వార్డు చరిత్రలోనే ఉంది. 1956లో మద్రాసులో ఐసీఎంఆర్, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ ఎంఆర్‌సీ కలిసి ఒక ట్రయల్ మొదలుపెట్టాయి. 193 మంది క్షయ రోగులు, ఎక్కువమంది పేదలు. కొందరిని శానిటోరియంలో, అంటే క్షయ ఆసుపత్రిలో, మంచి తిండి, విశ్రాంతితో ఉంచారు. మిగిలినవాళ్లని ఇరుకు ఇళ్లకే పంపి అవే మందులిచ్చారు. 1959లో ఫలితం వచ్చింది. ఇంట్లో ఉన్నవాళ్లకీ అంతే బాగా నయమైంది, ఇంట్లోవాళ్లకి జబ్బు అంటుకోవడం కూడా అందువల్ల పెరగలేదు. ప్రపంచమంతా క్షయకి వైద్యం చేసే తీరు దాంతో మారింది. చవక దారి చాలా అని అడిగే ధైర్యం, తేల్చే ఓపిక మన ప్రభుత్వ వ్యవస్థకి ఒకప్పుడు ఉండేవి. అవి కీళ్లకి ఎందుకు పనికిరావు?

తోడికోడలు పూర్తిగా ఒప్పుకోలేదు. "ముందు జిల్లాకో కీళ్ల డాక్టరుని వేయమనండి, తర్వాత పరిశోధన" అంది. అమ్మని చూపించడానికి తెనాలి నుంచి గుంటూరు వెళ్లే మాకే ఇంత ప్రయాస ఉంటే, పాడేరు నుంచో ఉట్నూరు నుంచో వచ్చేవాళ్ల సంగతి ఏమిటి? ఈ విషయంలో ఆవిడ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కటే చెప్పగలను. మామూలు ఎంబీబీఎస్ డాక్టరు ఏ రోగిని తనే చూసుకోవచ్చు, ఎవరిని పైకి పంపాలి అన్నది కూడా పరీక్షించి తేల్చాల్సిన ప్రశ్నే. అది తేలితే డాక్టర్ల కొరత కొంతైనా తట్టుకోగలం.

ఖమ్మం మరిచిపోకుండా

ట్రయల్ అనగానే మన రాష్ట్రాల్లో జనం భయపడటానికి కారణం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టుని 2010లో ఆపేయాల్సి వచ్చింది. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది, ఐసీఎంఆర్ పాత్రనీ వదల్లేదు. ప్రభుత్వం చేయి ఉంటే చాలు, అంతా సవ్యంగా జరుగుతుందన్న హామీ లేదని అది చూపించింది. కాబట్టి నేను అడిగే డబ్బులో ఒక వాటా రోగికి తెలుగులో అర్థమయ్యేలా చెప్పే మనుషుల జీతాలకి పోవాలి. ఫలితం ఎటొచ్చినా బయటపెట్టాలి, రోగులకి కూడా చెప్పాలి. దశాబ్దాలుగా వాడుతున్న మాత్రల మధ్య పోలికలో కొత్త మందు ప్రయోగంలో ఉన్నంత ప్రమాదం ఉండదు. అలాగని సంతకం తేలికైపోకూడదు.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, ఆ మాజీ సైనికుల ఆసుపత్రుల్లాంటివి మనకీ ఉన్నాయి. మందుల బిల్లు తామే కట్టి, రోగుల్ని ఏళ్ల తరబడి తామే చూసే ఆసుపత్రులు: ఈఎస్ఐ, రైల్వే, సింగరేణి, తార్నాకలో ఆర్టీసీ ఆసుపత్రి. బస్సు డ్రైవరు ఎడమకాలు రోజంతా క్లచ్ మీదే. కండక్టరు రోజంతా నిలువుకాళ్ల మీదే. వాళ్ల మోకాళ్లకి సాచెట్లు కొని ఇవ్వాలా, ఫిజియోథెరపిస్టుని పెట్టుకోవాలా అన్నది ఆ సంస్థలకి ప్రతి ఏడాదీ ఎదురయ్యే ఖర్చు ప్రశ్న. ఐసీఎంఆర్ గ్రాంటు ఇచ్చి, నిమ్స్‌లోని రుమటాలజీ (కీళ్ల జబ్బుల) విభాగం లాంటిది ప్లాను వేసి, ఈ ఆసుపత్రులు రోగుల్ని చూస్తే సరిపోతుంది. కొత్త భవనం అక్కర్లేదు. కావలసింది ఇద్దరు ముగ్గురు కోఆర్డినేటర్లు, రక్తపరీక్షల ఖర్చు, రోగికి రానుపోను చార్జీలు, లెక్కలు చూసే ఒక స్టాటిస్టీషియన్. మొదటి ట్రయల్ చికున్‌గున్యా తర్వాత మిగిలిపోయే నొప్పుల మీద పెట్టమని నేనైతే అడుగుతాను. వానాకాలం వస్తే కేసులు మళ్లీ వస్తాయి. ప్లాను, అనుమతులు ఎండాకాలంలోనే సిద్ధం చేసుకుంటే తప్ప ఆ రోగుల్ని జ్వరం వచ్చిన మొదటి వారం నుంచి గమనించడం కుదరదు.